మీటింగ్ ఎలా జరుపుకోవాలి? – అరకు కొండల గ్రామసభలు నేర్పే పాఠం



‘మౌనం అర్ధాంగీకారం’ అని పెద్దలంటారు. పెళ్ళి మాటల్లో అది చెల్లుతుందేమో గాని మీటింగులో చెల్లదు. మీటింగులో నోరు విప్పనివాడు ఒప్పుకున్నాడని మనం రాసుకుంటాం. వాడు మాత్రం బయటికి వచ్చాక తన పద్ధతిలో తాను పోతాడు. నిర్ణయం పుస్తకంలోనే ఉండిపోతుంది. ఊళ్ళో సంఘమైనా, హాస్టల్లో కమిటీ అయినా, ఆఫీసయినా మారకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. మాట్లాడనివారి చేత మాట్లాడించి, ఆ తర్వాతే నిర్ణయం తీసుకునే పద్ధతులు ఏమిటో తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇళ్ళలో పట్టా పుచ్చుకున్న మొదటి తరం మాది. ఇప్పుడు పీజీలో సోషల్ వర్క్ చదువుతున్నాం. క్షేత్ర అధ్యయనంలో భాగంగా అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి మండలాల కొండ గ్రామాల్లో తిరిగాం. తరగతిలో చదివినదీ, కొండల్లో చూసినదీ, హాస్టల్లో పెరిగి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

మీటింగులు మూడు రకాలు

మొదటిది చెప్పే మీటింగ్. నిర్ణయం ముందే అయిపోయి ఉంటుంది. దాన్ని అందరికీ తెలియజేస్తారు. పరీక్షల తేదీలు, సెలవుల వివరాలు ఇలాంటివి. రెండవది అడిగే మీటింగ్. అందరి అభిప్రాయాలూ వింటారు గాని నిర్ణయం మరొకరు తీసుకుంటారు. మూడవది తేల్చుకునే మీటింగ్. ఆ పని ఎవరు చేయాలో, దాని కష్టనష్టాలు ఎవరు భరించాలో వాళ్ళే కూర్చుని నిర్ణయించుకుంటారు.

ఈ మూడూ అవసరమే. మొదటి రకం మీటింగు పెట్టి దాన్ని మూడవ రకమని చెప్పడంలోనే మోసం ఉంది. అంతా ముందే అయిపోయిన విషయానికి అందరి చేతా సంతకాలు పెట్టిస్తే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు ‘మీరందరూ ఒప్పుకున్నారు కదా’ అనే మాట వస్తుంది. కాబట్టి ఏ మీటింగుకు పిలిచినా ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటే – ఇది చెప్పే మీటింగా, అడిగే మీటింగా, తేల్చుకునే మీటింగా?

తామే తేల్చుకున్న పని ఎందుకు నిలుస్తుంది?

దీన్ని శాస్త్రీయంగా పరీక్షించినవారిలో కర్ట్ లెవిన్ ప్రముఖుడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో మాంసం కొరత ఏర్పడింది. అక్కడి గృహిణులు వండడానికి ఇష్టపడని గుండె, మూత్రపిండాల వంటి భాగాలను వండేలా చేయాలని ప్రయత్నం జరిగింది. కొన్ని గుంపుల స్త్రీలకు పోషక విలువల గురించి మంచి ఉపన్యాసం ఇచ్చారు. మరికొన్ని గుంపులను కూర్చోబెట్టి, వండడంలో ఉన్న ఇబ్బందులేమిటో వారి చేతనే చర్చింపజేసి, చివరకు ఎవరెవరు వండి చూస్తారో చేతులెత్తమన్నారు. తర్వాత విచారిస్తే, ఉపన్యాసం విన్నవారిలో 3 శాతం మంది మాత్రమే అంతకు ముందు వండని ఆ భాగాలు వండారు. చర్చించి తేల్చుకున్నవారిలో 32 శాతం మంది వండారు.

రెండవ ఉదాహరణ ఫ్యాక్టరీకి సంబంధించినది. అమెరికాలోని హార్వుడ్ అనే దుస్తుల కంపెనీలో పని పద్ధతి మార్చినప్పుడల్లా కార్మికుల్లో అసంతృప్తి వచ్చేది. కోచ్, ఫ్రెంచ్ అనే ఇద్దరు అక్కడ చేసిన ప్రయోగాన్ని 1948లో ప్రచురించారు. ఒక గుంపుకు మార్పు గురించి చెప్పి ఊరుకున్నారు. మిగతా గుంపుల్లో కార్మికులను గాని, వారి ప్రతినిధులను గాని కూర్చోబెట్టి కొత్త పద్ధతిని వారితో కలిసి తయారు చేశారు. చెప్పి ఊరుకున్న గుంపులో 40 రోజుల్లో 17 శాతం మంది పని మానేశారు. కలిసి తయారు చేసుకున్న గుంపుల్లో ఒక్కరూ మానలేదు. పైగా ఉత్పత్తి మునుపటికంటే పెరిగింది.

మన తెలుగు నేల మీద ఇంతకంటే పెద్ద ఉదాహరణే ఉంది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. దూబగుంట గ్రామంలో రాత్రి బడికి వచ్చిన స్త్రీలు పాఠంతో ఆగకుండా తమ ఇళ్ళలోని సారా సమస్య గురించి మాట్లాడుకున్నారు. కలిసి తేల్చుకుని ఊళ్ళోకి సారా రాకుండా అడ్డుకున్నారు. అది 1992 నాటికి జిల్లా అంతటా, తర్వాత రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. సారా చెడ్డదని వాళ్ళకు అంతకు ముందు ఎవరూ చెప్పకపోలేదు. ఒకచోట కూర్చుని ఒకరి బాధ ఒకరు విన్న తర్వాతే కదలిక వచ్చింది.

కొండల్లో గ్రామసభకున్న బలం

అరకులోయ రాజ్యాంగంలోని 5వ షెడ్యూలు ప్రాంతం. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. కొండదొర, బగత, వాల్మీకి, కోటియా, పోర్జా, గదబ, కోందు మొదలైన గిరిజనులు ఇక్కడ నివసిస్తున్నారు. ఊరి విషయాలు పెద్దలంతా కూర్చుని తేల్చుకోవడం వీరికి తరతరాలుగా ఉన్న అలవాటు.

ఈ అలవాటుకు చట్టబద్ధత కల్పించినది 1996 నాటి పెసా చట్టం. పంచాయతీరాజ్ వ్యవస్థను షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించిన చట్టం ఇది. ఇందులో గ్రామం అంటే తన ఆచారాల ప్రకారం తన వ్యవహారాలు చూసుకునే ఒక ఆవాసం లేదా కొన్ని ఆవాసాల సముదాయం. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. భూసేకరణకు ముందు గ్రామసభను గాని, పంచాయతీని గాని సంప్రదించాలి. చిన్నతరహా అటవీ ఉత్పత్తులు, ఊరి సంతలు, వడ్డీ వ్యాపారం, మద్యం వంటి విషయాల్లో ఊరికి అధికారం ఇవ్వాలి. మన రాష్ట్రంలో దీనికి అనుగుణంగా 1998లో చట్టం, 2011లో నియమావళి వచ్చాయి.

2006 నాటి అటవీ హక్కుల చట్టం మరో అడుగు వేసింది. పోడు భూమి హక్కు పత్రానికి మొదటి మెట్టు గ్రామసభే. 2012లో సవరించిన నియమాల ప్రకారం ఆ సభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి. వచ్చినవారిలో కనీసం మూడవ వంతు స్త్రీలు ఉండాలి. గమనించండి. స్త్రీలు లేని సభ చట్టం దృష్టిలో సభే కాదు.

అనంతగిరి మండలం బొర్రా గుహలు చూడని విద్యార్థి అరుదు. ఆ బొర్రా పంచాయతీ గ్రామాల భూములను గనుల కోసం ప్రైవేటు వారికి లీజుకివ్వడంపై సమత అనే సంస్థ కోర్టుకు వెళ్ళింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని ప్రభుత్వం సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని ఆ తీర్పు సారాంశం. దేశమంతా సమత తీర్పు అని చెప్పుకునేది దీన్నే.

ఇవే తూర్పు కనుమలు ఉత్తరంగా సాగి ఒడిశాలో నియమగిరి కొండలవుతాయి. అక్కడ బాక్సైటు తవ్వకం విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, గ్రామసభల అభిప్రాయం తీసుకోవాలని ఆదేశించింది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామాల్లో జిల్లా న్యాయమూర్తుల సమక్షంలో సభలు జరిగాయి. డోంగ్రియా కోందులూ, వారి పొరుగువారూ తమ భాషలో, తమ ఊళ్ళో, తమ దేవుడి కొండ గురించి మాట్లాడారు. 12 సభలూ తవ్వకం వద్దనే చెప్పాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. చిన్న చిన్న పల్లెల సభల మాట ఢిల్లీ దాకా చెల్లిన సందర్భమిది.

చట్టం ఉన్నా సభ ఎందుకు మూగబోతుంది?

అన్ని సభలూ నియమగిరి సభల్లా జరగవు. కొండల్లో మేము గమనించిన ఇబ్బందులు ఇవి.

సభ పంచాయతీ కేంద్రంలో పెడితే కొండ మీది పల్లెవాళ్ళు గంటల తరబడి దిగి రావాలి. సంత రోజున గాని, కాఫీ పండ్లు కోసే రోజుల్లో గాని పెడితే ఇంటికొక మనిషి కూడా రాలేడు. వచ్చినవారిలో కుర్చీలు కొందరికే, మిగిలినవాళ్ళు నేల మీద. స్త్రీలు ఇంకా వెనక, చెట్టు వారగా. మాట్లాడేది పుస్తకాల తెలుగులో. వినేవారిలో చాలామంది ఇంటి భాష ఆదివాసీ ఒడియా లేదా కువి. చివరకు ఒక పుస్తకం చేతులు మారుతుంది. అందరూ వేలిముద్ర వేస్తారు. నలుగురితో నారాయణ అన్నట్టు అయిపోతుంది.

అదే ఊళ్ళో రాత్రి నెగడు దగ్గర కూర్చున్నప్పుడు అదే మనుషులు ఎంత చక్కగా మాట్లాడతారో! ఏ గెడ్డలో ఏ నెలలో నీరు తగ్గుతుందో, ఏ మెట్టలో సామలు పండుతాయో, ఏ షావుకారు తూకం ఎలా ఉంటుందో వివరంగా చెబుతారు. అంటే లోపం మనుషుల్లో లేదు. సభ పెట్టే పద్ధతిలో ఉంది.

మాట్లాడించే పద్ధతులు

1. చోటు, సమయం: ఎవరి విషయమో వారికి వీలైన చోట, వీలైన వేళ పెట్టాలి. అధికారికి వీలైన వేళ పెడితే అది అధికారి మీటింగే అవుతుంది.

2. గుండ్రంగా కూర్చోవడం: అరకులో ధింసా ఆడేటప్పుడు ఒకరి వీపు వెనుకగా ఒకరు చేతులు కలుపుతారు. ఆ వలయంలో వెనుక వరుస అనేది ఉండదు. సభలోనూ అలాగే కూర్చోవాలి. కుర్చీలుంటే అందరికీ ఉండాలి, లేకపోతే అందరూ నేల మీదే.

3. చిన్న గుంపులు: వందమందిలో లేవని నోరు ఐదుగురిలో లేస్తుంది. ఒక ప్రశ్న ఇచ్చి ఐదారుగురి చొప్పున పావుగంట మాట్లాడుకోమనాలి. స్త్రీలు ఒక గుంపుగా, యువకులు ఒక గుంపుగా, పెద్దలు ఒక గుంపుగా కూర్చున్నా మంచిదే. తర్వాత గుంపుకొకరు తమ గుంపు మాట అందరికీ చెప్పాలి. అప్పుడది ఒక మనిషి మాటగా కాక గుంపు మాటగా వినబడుతుంది. చెప్పేవాడికి భయం ఉండదు.

4. నేల మీద పటం: చదువు రానివారు కూడా ముగ్గుపిండితో, రాళ్ళతో, ఆకులతో తమ ఊరి పటం గీయగలరు. ఇళ్ళు, గెడ్డలు, పోడు, దారి అన్నీ అందులో వస్తాయి. గీస్తుంటే పక్కవాళ్ళు వచ్చి సరిదిద్దుతారు. దీన్ని గ్రామీణ భాగస్వామ్య విశ్లేషణ అంటారు. ఈ పద్ధతులకు పేరు తెచ్చిన రాబర్ట్ ఛాంబర్స్ 1989 నుంచి 1991 వరకు హైదరాబాద్ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండి, మన దేశంలోని సంస్థలతో కలిసి పనిచేశారు. కర్ర ఎవరి చేతిలో ఉంటే పటం వారిదవుతుందని ఈ పద్ధతి చెప్పే ముఖ్య సూత్రం.

5. గింజలతో ఎంపిక: నాలుగు సమస్యలుంటే నాలుగు వలయాలు గీసి, ప్రతి మనిషికీ ఐదు చింతపిక్కలు ఇవ్వాలి. ముఖ్యమనుకున్న వలయంలో ఎన్ని వేయాలో వారి ఇష్టం. చెయ్యెత్తడానికి మొహమాటపడేవారు కూడా గింజ వేస్తారు. లెక్క అందరి కళ్ళ ముందే తేలుతుంది.

6. వరుసగా మాట: వలయంలో ఒక చివరి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరూ మాట్లాడాలి. ఒకసారి మాట్లాడినవారు అందరి వంతూ అయ్యేదాకా మళ్ళీ మాట్లాడరాదు. పెద్దల వంతు చివర ఉండాలి. పెద్దాయన ముందు మాట్లాడితే ఇక మిగతావారు ఆయన మాటకు తల ఊపుతారు.

7. తీర్మానం చదివి వినిపించడం: రాసినదాన్ని గట్టిగా, అవసరమైతే రెండు భాషల్లో, చదవాలి. ‘మనం అనుకున్నది ఇదేనా?’ అని అడగాలి. ఆ తర్వాతే సంతకాలు. ఖాళీ కాగితం మీద సంతకం ఎప్పటికీ వద్దు.

8. ఎవరు, ఏమి, ఎప్పటికి: ప్రతి నిర్ణయం పక్కన ఒక పేరు, ఒక తేదీ ఉండాలి. ‘అందరూ చేయాలి’ అని రాస్తే ఎవరూ చేయరు. వచ్చే మీటింగు ఆ పేర్లు, తేదీలు చదవడంతోనే మొదలవ్వాలి.

మన హాస్టల్లో ఒక గంట మీటింగ్

పై పద్ధతులను హాస్టల్‌కు ఎలా అన్వయించాలో చూద్దాం. ఉదయం కుళాయిల దగ్గర రద్దీ అన్ని హాస్టళ్ళలోనూ ఉండే సమస్యే. పదో తరగతివాళ్ళు ముందు స్నానం చేస్తారు. చిన్న తరగతుల పిల్లలు బకెట్ పట్టుకుని నిలబడి ఉంటారు. చివరకు స్నానమో, టిఫినో, బడి గంటో ఏదో ఒకటి తప్పిపోతుంది.

మొదటి 10 నిమిషాలు: అందరూ గుండ్రంగా కూర్చోవాలి. ఇది తేల్చుకునే మీటింగని వార్డెన్ గారి సమక్షంలోనే ప్రకటించాలి. విషయం ఒక్కటే ఉండాలి.

తర్వాత 15 నిమిషాలు: తరగతుల వారీగా చిన్న గుంపులు. ప్రశ్న ఇలా ఉండాలి – ‘ఉదయం లేచింది మొదలు బడికి వెళ్ళేదాకా నీకు ఎక్కడ ఆలస్యమవుతోంది?’ తప్పు ఎవరిది అనే ప్రశ్న వేయకూడదు. వేస్తే గొడవ వస్తుంది, సమాచారం రాదు.

తర్వాత 15 నిమిషాలు: గుంపుకొకరు చెప్పాలి. చిన్న తరగతుల నుంచి మొదలుపెట్టాలి. పెద్ద తరగతులవారు వినాలి, మధ్యలో నవ్వకూడదు. ఒకరు బోర్డు మీద రాయాలి. రాస్తూ లెక్క కూడా వేయాలి. 100 మంది విద్యార్థులు, 8 కుళాయిలు ఉన్నాయనుకుందాం. అయిదున్నర నుంచి ఏడున్నర దాకా 120 నిమిషాలు. ఎనిమిది కుళాయిలకు 960 నిమిషాలు. అంటే మనిషికి తొమ్మిదిన్నర నిమిషాలు దక్కుతాయి. నీళ్ళు నిలకడగా వస్తుంటే కొరత కుళాయిల్లో లేదు, వరుసలో ఉందని అందరికీ తెలుస్తుంది. నీళ్ళే రాకపోతే అది అర్జీ పెట్టవలసిన విషయమని తెలుస్తుంది.

తర్వాత 10 నిమిషాలు: వచ్చిన ఉపాయాలపై గింజలతో ఎంపిక. రెండు కుళాయిలు చిన్నవాళ్ళకే కేటాయించడం, వారానికోసారి తరగతుల వరుస మార్చడం వంటివి రావచ్చు.

చివరి 10 నిమిషాలు: తీర్మానం రాయడం, చదవడం, పేర్లు, తేదీలు. రెండు వారాలు ప్రయోగంగా అమలు చేసి మళ్ళీ కూర్చోవాలి. నచ్చకపోతే మార్చుకోవచ్చు అనే ధైర్యం ఉంటే ఎవరైనా ఒప్పుకుంటారు.

మన చేతిలో ఉన్నవీ, లేనివీ వేరు చేసుకోవడం మరువవద్దు. డైట్ చార్జీలు, కాస్మెటిక్ చార్జీలు ప్రభుత్వం నిర్ణయిస్తుంది. వాటిపై మీటింగు పెడితే తీర్మానం అర్జీ రూపంలో పైకి వెళ్ళాలి. కుళాయి వరుస, స్టడీ అవర్‌లో నిశ్శబ్దం, వడ్డన క్రమం, గదుల శుభ్రత – ఇవి మన చేతిలోనివి. మొదట చేతిలో ఉన్నదానితో మొదలుపెడితే ఒక విజయం దక్కుతుంది. దానితో రెండవదానికి బలం వస్తుంది.

కొన్ని జాగ్రత్తలు

ఎక్కువమంది ఒప్పుకున్నారని ఒకరి హక్కు తీసివేయకూడదు. తొంభైమంది చేతులెత్తినా పదిమందిని వేరే పంక్తిలో కూర్చోబెట్టడం తీర్మానం కాదు, అన్యాయం. హక్కులు ఓటింగుకు పెట్టే వస్తువులు కావు.

మీటింగులో మాట్లాడినందుకు తర్వాత ఎవరినీ పిలిచి అడగరాదు. ఒక్కరికి అలా జరిగినా మరుసటి మీటింగులో వందమంది మూగవాళ్ళవుతారు.

జవాబు ముందే తీర్మానించుకుని మీటింగు పెట్టడం కంటే పెట్టకపోవడమే మేలు. జనం ఒకసారి మోసపోతే మళ్ళీ నిజమైన సభ పెట్టినా నమ్మరు.

మీటింగు ఒక్కటే అన్నీ సాధించదు. బొర్రా గ్రామాలకు కోర్టు కావలసి వచ్చింది. నియమగిరికి ఏళ్ళ తరబడి పోరాటం, ఆ తర్వాత తీర్పు కావలసి వచ్చాయి. అయితే ఆ పోరాటాలకు నిలబడే మనుషులు కలిసి కూర్చుని మాట్లాడుకున్న చోటే తయారవుతారు.

కలం మన చేతిలో ఉంది

ఇంట్లో మొదటగా చదువుకున్నవారికి ఒక పని తప్పదు. ఊళ్ళో సభ జరిగితే ‘చదువుకున్నోడివి కదా, నువ్వు రాయి’ అని పుస్తకం మన చేతికిస్తారు. మహిళా సంఘమైనా, విద్యా కమిటీ అయినా, గ్రామసభ అయినా అంతే. ఆ క్షణంలో మన చేతిలో ఉన్న అధికారం చిన్నది కాదు. మనం రాసిందే ఊరి మాట అవుతుంది. ఎవరు మాట్లాడారో వారి మాట రాస్తామా, ఎవరు పక్కన నిలబడి చెబుతున్నారో వారి మాట రాస్తామా అన్నది మన మీదే ఉంటుంది. మన అమ్మానాన్నలు వేలిముద్ర వేసిన కాగితాల్లో ఏముందో వాళ్ళకు చదివి చెప్పినవారు తక్కువ. ఆ లోటు మన తరంతో తీరాలి.

కాబట్టి తమ్ముళ్ళూ, ఈ ఏడాది హాస్టల్ మీటింగులోనే అభ్యాసం మొదలుపెట్టండి. అందరికంటే చిన్నవాడిని ముందు మాట్లాడనివ్వండి. పూర్వ విద్యార్థులైన అన్నలు సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు గ్రామసభకు ఒక పూట కేటాయించండి. వెనక వరుసలో అమ్మల పక్కన కూర్చోండి. పుస్తకం చేతికి వస్తే విన్నది విన్నట్టు రాయండి. రాసింది గట్టిగా చదివి వినిపించండి. అందరూ అవునన్న తర్వాతే ఇంకు ప్యాడ్ తెరవండి.